బాపు కోసం చెప్పిన సాక్ష్యం

మా బాపు ఉపదేశి. అచ్చంపేట దాపున మా వాడలోని చిన్న యేసు గుడిలో ప్రార్థన నడిపించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, రోగుల పక్కన కూర్చోవడం అన్నీ ఆయన పనే. బాప్తిస్మం ఇవ్వడానికీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవడానికీ మాత్రం అధికారం లేదు. వాటికి పట్నం నుంచి అయ్యగారు, అంటే పాస్టరు, రావాలి. వాగు పొంగితే ఆయన నెలల తరబడి రాడు. ఒక ముసలమ్మ ఆ రొట్టె కోసం అడిగీ అడిగీ కన్నుమూసింది. అప్పటి నుంచే బాపుకు తానే అయ్యగారు కావాలన్న కోరిక పుట్టింది. గొప్ప కోసమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, బాపు ఉపదేశి అయిన పన్నెండేళ్లకు, ముగ్గురు సంఘపెద్దలు ఆయన్ను పరీక్షించడానికి వచ్చారు. నేను పంతులమ్మ ట్రైనింగు ముగించి అప్పుడే ఇంటికి చేరాను. వాళ్లు వాక్యం అడిగారు, ప్రార్థన చేయించారు. తర్వాత అమ్మను పిలిచి, తాగుతాడా అని అడిగారు.

"తాగుతడయ్యా, పొద్దుమాపు చాయ" అంది అమ్మ. పెద్దలు కూడా నవ్వారు.

ఇక మిగిలింది ఒక్కటే. సంఘం బయటి మనిషి ఒకరు వచ్చి, ఈయన మంచివాడని చెప్పాలి. అది మా దగ్గర ఆనవాయితీ. నేనే పరుగున పోయి, ఊళ్లో గొర్లు కాసే గొల్లాయనను పిలుచుకొచ్చాను. బాపు కంటే పెద్దవాడు, బాపు ఆయన్ను మర్యాదగా 'పటేలా' అంటే ఆయన బాపును ఎప్పుడూ "ఏరా" అనే పిలిచేవాడు. అయినా ఊళ్లో బాపును మనసారా మెచ్చుకునేది ఆయనే.

ఆయన గుడి లోపలికి రాలేదు. గొంగడి భుజాన వేసుకొని గడప బయటే నిలబడ్డాడు.

"గీయన అసొంటోడు ఊర్ల లేడయ్యా. నాలుగేండ్ల కింద నన్ను కన్న మా అవ్వ గత్తర రోగమొచ్చి సచ్చిపోతె ఒక్కడు మా వాకిట్లకు రాలె. డప్పు కొట్టెటోళ్లు గుట్టలకు ఉరికిన్రు. గీయన ఒక్కడే వచ్చి కాటిదాంక డప్పు కొట్టిండు. మా అవ్వను దిక్కులేని పీనుగు లెక్క పోనియ్యలె."

నేను గబుక్కున పెద్దల ముఖాలు చూశాను. తరతరాలుగా డప్పే వృత్తి అయిన మావాళ్లందరూ, బాప్తిస్మం తీసుకున్న రోజే ఇక డప్పు ముట్టబోమని దేవుని ముందు మాటిచ్చారు. శవం ముందు డప్పు కొట్టడమంటే పాత దేవతల దగ్గరికి మళ్లీ పోయినట్టేనని పెద్దల లెక్క. ఈ సంగతి గొల్లాయనకు తెలియదు. తనకు తెలిసిన అన్నిటికంటే గొప్ప మంచి చెప్పాననుకున్నాడు.

"నిజమేనా?" అని సంఘపెద్దల్లో ఒకాయన బాపును అడిగాడు.

"నిజమేనయ్యా. కొట్టిన."

"తప్పు చేసిన అని సంఘం ముంగట ఒప్పుకుంటవా?"

బాపు పెద్దల వైపు తిరిగాడు. "ఇగ కొట్టనని చెప్త. గని కొట్టుడు తప్పని చెప్పలేనయ్యా."

పెద్దలు సంతకం పెట్టకుండానే కాగితాలు మడిచి లేచారు. బయట గొల్లాయన ఆశగా ఎదురుచూస్తున్నాడు. "పనైనట్టేనారా?" అన్నాడు. నేను నోరు తెరవబోతే బాపు నా మణికట్టు పట్టుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్ పటేలా" అన్నాడు. ఇంటికొచ్చాక, "ఆయనకు ఎవ్వలు చెప్పొద్దు బిడ్డా" అన్నాడు. నాకు పెద్దల మీద కోపం, బాపు మీద కోపం. అందరికంటే ఎక్కువ, పిలుచుకొచ్చిన నా మీద నాకే.

మర్నాడు గొర్లను తోలుకుపోతూ గొల్లాయన మా వాకిట్లో ఆగాడు. తలపాగా తీసి, "అయ్యగారూ, మంచిదా?" అన్నాడు. బాపు తల వంచుకొని, "మంచిదే పటేలా" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన నోట "ఏరా" రాలేదు. బాపును అయ్యగారని పిలిచింది ఆయనొక్కడే.

కొన్నేళ్లకు బాపు ఉపదేశిగానే పోయాడు. శవపెట్టె ఎత్తే వేళకు గొల్లాయన కర్ర ఊతంగా వచ్చి, చుట్టూ చూశాడు.

"బిడ్డా, అయ్యగారి ముంగట డప్పు లేదేంది?"

"మేము కొట్టం తాతా" అన్నాను.

"మా అవ్వకు కొట్టిండు గద" అన్నాడు.

 నోటికి కొంగు అడ్డం పెట్టుకొని పెట్టె వెంట నడిచాను.