కమిషనర్ రిపోర్టులో రెండు మంచాలు

దయ్యాలు, గాలి సోకడాలు, తాయెత్తులు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. మా నాయన కూడా నమ్మేవాడు కాదు. ఎవరైనా అలాంటి కబురు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాడు. నేను చాలా ఏళ్ళు టైపిస్టుగా పనిచేశాను. కాగితం మీద ఉన్నది కొట్టడమే తప్ప లేనిది చేర్చే అలవాటు నాకు లేదు. ఇదీ అలాగే రాస్తున్నాను.

మాది హిందూపురం. నాయన పేరు మస్తానప్ప. దూదేకుల వాళ్ళం, ఆయన పరుపులు, బొంతలు కుట్టేవాడు. బజారు వెనక వీధిలో రంగయ్య శెట్టి గారి ఇంట్లో ముప్ఫై ఏళ్ళకు పైగా బాడుగకు ఉన్నాడు. నేను పుట్టింది ఆ ఇంట్లోనే, అమ్మ పోయిందీ ఆ ఇంట్లోనే. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళకు జవాబు చెప్పీ చెప్పీ విసుగు పుట్టింది కాబట్టి ఇక్కడ చెప్పను.

డెబ్భైలలో నాకు ధర్మవరంలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మొదట కొన్నేళ్ళు అక్కడే ఒక గది తీసుకుని ఉన్నాను. ఓటర్ల లిస్టు రాసేవాళ్ళు వస్తే, బుద్ధి లేక, నా పేరు ఆ గది అడ్రసుకే రాయించుకున్నాను.

తర్వాత నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకు లాగింది. గది ఖాళీ చేసి, రైలు సీజన్ టికెట్టు కొనుక్కుని, రోజూ తెల్లవారక ముందే బండెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని. రెండేళ్ళు అలాగే తిరిగాను. రాత్రిళ్ళు ఆయన మంచానికి ఆనించి నా మంచం వేసుకునేదాన్ని. ఏదైనా కావాలంటే ఎడమ చేత్తో తట్టేవాడు. ఒకరోజు పొద్దున తట్టలేదు.

నలభై దినాలు అయిన కొన్నాళ్ళకు శెట్టి గారి దగ్గర నుంచి నోటీసు వచ్చింది. బాడుగదారు చనిపోయాడు, కూతురు ధర్మవరంలో కాపురం ఉంటోంది, ఇల్లు ఖాళీ చేయాలి అని. ఆయన కొడుకు అక్కడ అంగడి పెట్టాలనుకుంటున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది కానీ, ఆయన అబద్ధాలకోరు అనిపించలేదు. ఓటర్ల లిస్టులో ఉన్నదే ఆయన చెప్పాడు.

కేసు పెనుకొండ కోర్టులో నడిచింది. మా వకీలు చట్టం విప్పి చెప్పాడు. బాడుగదారు పోతే ఆ హక్కు భార్యకో కొడుక్కో కూతురికో వస్తుంది. అయితే పోయేదాకా ఆయనతో అదే ఇంట్లో ఉండి ఉండాలి.

"ఊరికే కూతురైతే సాలదమ్మా. ఆ ఇంట్లో ఆయప్పతోనే కాపురముండావని సూపియ్యాల" అన్నాడు.

సీజన్ టికెట్లు చూపిస్తే, "అవి పోయి వచ్చేదానికి పనికొస్తాయి, పండుకొనింది యాడో అవి సెప్పవు" అన్నాడు. ఆ ఇల్లు పోతే నాకు ఈ లోకంలో ఇంకో ఇల్లంటూ లేదు. చివరికి, ఇంట్లో ఎవరి సామాన్లు ఉన్నాయో, ఎవరు ఉంటున్నారో చూసి రాయడానికి కోర్టు ఒక కుర్ర వకీలును కమిషనరుగా వేసింది. పెనుకొండ అబ్బాయి. మమ్మల్ని గానీ మా ఇంటిని గానీ ముందెప్పుడూ చూసినవాడు కాదు.

ఆయన వచ్చేది మధ్యాహ్నం మూడు గంటలకని నోటీసులో ఉంది. మా ఆఫీసరు ఆ రోజంతా సెలవివ్వడానికి ఒప్పుకోలేదు, మధ్యాహ్నం వెళ్ళమన్నాడు. ఆ వేళకు రైలు లేదు. బస్సెక్కితే పెనుకొండ దాటాక టైరు పంక్చరైంది. రోడ్డు పక్కన నిలబడి మూడు కావడం, నాలుగు కావడం వాచీలో చూశాను. ఆ రోజు నేను ఎంత ఏడ్చానో ఆ బస్సులో వాళ్ళకే తెలుసు.

ఇంటికి చేరేసరికి అయిదు దాటింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. అది నాయన పోయాక నేను కొన్న తాళం. రెండు చెవులూ ఒకే తాడుకు కట్టి నా సంచిలో ఉంటాయి. పెరటి తలుపుకు లోపలి గడియ అలాగే ఉంది. కమిషనరు వచ్చి, తాళం చూసి, ఎవరూ ఉండటం లేదని రాసుకుని వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. ఇల్లు పోయినట్టేననుకుని ఆ రాత్రి వంట కూడా చేసుకోలేదు.

పది రోజుల తర్వాత రిపోర్టు నకలు చేతికొచ్చింది. ఇంగ్లీషులో నాలుగు పేజీలు. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

మూడు గంటలకు వెళ్ళాననీ, తలుపు తెరిచే ఉందనీ, లోపల డెబ్భై ఏళ్ళ పెద్దాయన ఒకాయన ఉన్నాడనీ అందులో రాశాడు. గదుల కొలతలు తీసుకుంటుంటే ఆ పెద్దాయన టేపు రెండో కొస పట్టుకున్నాడట. కుడి చెయ్యి పనిచేయదు గనుక ఎడమ చేత్తో పట్టుకున్నాడని కూడా రాశాడు. సంతకం అడిగితే చెయ్యి రాదన్నాడట. వేలిముద్ర తీసుకుందామంటే ఇంకు ప్యాడు లేకపోయిందట. నడిమింట్లో రెండు మంచాలు ఆనించి వేసి ఉన్నాయనీ, అందులో ఒకటి తన కూతురిదనీ, చాలా కాలంగా రోజూ ఆమె అక్కడే పడుకుంటుందనీ ఆయన చెప్పినట్టు రాశాడు.

రెండు మంచాలు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నాయన పోయాక ఆయన మంచాన్ని గోరంట్లలో మా మేనత్తకు ఇచ్చేశాను. ఆ ఆదివారమే బస్సెక్కి గోరంట్ల పోయాను. మంచం అక్కడే ఉంది, దాని మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మధ్యలో ఎవరైనా తీసుకుపోయారా అని అడిగితే మా అత్త నా నుదురు తాకి చూసింది.

అది చాలదన్నట్టు మా వకీలు మొదలుపెట్టాడు.

"ఎవురమ్మా ఈ ముసిలాయప్ప? నాకు కూడా సెప్పకుండా ఎవుర్ని పెట్టినావు ఇంట్లో?"

"ఎవరూ లేరు సార్."

"ఉండాడని కమిషనరే రాసిండాడు కదమ్మా."

ఆయన కంగారులో న్యాయముంది. శెట్టి గారి వకీలు ఈలోగా ఇంకో పిటిషను వేశాడు. యజమానికి చెప్పకుండా ఇంకొకరిని బాడుగకు పెట్టుకున్నాను కాబట్టి ఆ ఒక్క తప్పుకే ఖాళీ చేయించవచ్చని. రిపోర్టు తప్పంటే నేను ఆ ఇంట్లో పడుకునేదాన్నన్న సాక్ష్యం పోతుంది. ఒప్పంటే ఆ పెద్దాయన ఎవరో చెప్పాలి. అసలు కమిషనరు ఇంటికి రాకుండానే రాసేశాడేమో అనుకుని టేపు తెచ్చి అన్ని గదులూ కొలిచాను. ఒక్క అంగుళం తేడా లేదు. ఎదురుగా కాఫీ హోటలు నడిపే ఆయన్ను అడిగాను.

"వచ్చె కదమ్మా, ప్యాంటాయప్ప. తలుపు తీసుంటే నువ్వే ఉండావేమో అనుకొంటి. ఆయప్ప బయటికొచ్చినంక లోపల్నుంచి ఎవురో తలుపేసినారు" అన్నాడు.

వాయిదా రోజు కమిషనరును బోనెక్కించారు. ఆ మనిషి ఎలా ఉన్నాడని మా వకీలు అడిగాడు. పొట్టి తెల్ల గడ్డం, గళ్ళ లుంగీ, మూతి ఎడమకు లాగి ఉందని చెప్పాడు. మాట్లాడేటప్పుడు పెదవి చివర భుజం మీది తుండుతో తుడుచుకుంటున్నాడన్నాడు. కనుబొమల మీద దూది అంటుకుని ఉందని కూడా అన్నాడు. నాయన పోయేముందు రెండేళ్ళు దూది ముట్టనే లేదు.

శెట్టి గారు నా ముందు బెంచీలో ఉన్నారు. వెనక్కి తిరగలేదు. తర్వాత వరండాలో కమిషనరును ఆపి మెల్లగా అడిగారు.

"ఆయప్ప నా మాటేమన్నా ఎత్తెనా నాయనా?"

కమిషనరు గుర్తు చేసుకుని చెప్పాడు. "ఎత్తినాడండి. శెట్టి రాలేదా, మళ్ళీ కడుపు నొప్పి వచ్చిందా అని అడిగినాడు. అది రిపోర్టుకు అవసరం లేదని రాయలేదు."

కమిషనరు మా ఇంటికి వచ్చిన రోజు శెట్టి గారు నిజంగానే కడుపు నొప్పితో పడుకుని ఉన్నారు. ఆ సంగతి కమిషనరుకు తెలిసే వీలు లేదు. ఆయన వకీలుకు కూడా తర్వాతే తెలిసిందట. వయసులో ఉన్నప్పుడు ఆ నొప్పి వస్తే మా నాయనే ఆయన్ను జట్కాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయేవాడని అమ్మ చెప్పేది.

తర్వాతి వాయిదాకు శెట్టి గారు రెండు పిటిషన్లూ వెనక్కి తీసుకున్నారు. కోర్టు బయట నేనే దగ్గరికి పోయాను.

"ఎందుకప్పా?" అన్నాను.

"ఇల్లు నాదేమ్మా. నాది కాదని ఎవురూ అనలేదు. నువ్వుండు" అన్నారు. ఆ నెల బాడుగ రసీదు నా పేరు మీద వచ్చింది.

కమిషనరును నేను ఇంకొక్కసారి కలిశాను. నాయన ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు, చూపించడానికి. నీకు కనబడింది చనిపోయిన మా నాయనేనని ఉట్టి మాటతోనే చెప్పాను. ఆ అబ్బాయి నవ్వలేదు, భయపడనూ లేదు. తాను చూసింది రాశాననీ, కావాలంటే మళ్ళీ ప్రమాణం చేస్తాననీ అన్నాడు. వెళ్ళబోతుంటే, "మా పాప సాయంత్రానికి వస్తాది, ఉండి మాట్లాడి పో అన్నాడమ్మా. నాకే బస్సుకు టైమైపోయింది" అన్నాడు.

ఎవరో దొంగ తాళంచెవితో వచ్చారేమో, కమిషనరు నాయన గురించి ఎక్కడైనా విన్నాడేమో, హోటలాయన పొరపాటు పడ్డాడేమో. ఇవన్నీ నేనూ ఆలోచించాను. ఒక్కొక్కటీ ఒక్కొక్క దానికి సరిపోతుంది. గోరంట్లలో ఉన్న మంచం హిందూపురంలో ఎలా కనబడిందో వీటిలో ఏదీ చెప్పదు.

ఆ ఇంట్లో నేను ఎనభైలు గడిచేదాకా ఉన్నాను, ఒక్కదాన్నే. సెలవు పెట్టి మధ్యాహ్నం పూట చప్పుడు చేయకుండా తాళం తీసి చూసిన రోజులున్నాయి. రాత్రిళ్ళు మెలకువ వస్తే నాయన మంచం ఉండే కుడి పక్కకు చెయ్యి చాచేదాన్ని. ఏమీ ఉండేది కాదు. నాయన మమ్మల్ని ఎరగని ఆ కుర్ర వకీలుకు కనబడ్డాడు, టేపు పట్టుకున్నాడు, తన కూతురి మీద కేసు వేసినాయన కడుపు నొప్పి గురించి అడిగాడు. ఆయన ఎలా వచ్చాడన్నది నాకు తెలియదు, తెలుసుకోవాలన్న పట్టుదల కూడా ఇప్పుడు లేదు. నేను లేని వేళ చూసి ఎందుకు వచ్చాడన్నది మాత్రం ఈనాటికీ నాకు అంతు చిక్కలేదు, ఆ బాధా పోలేదు.