నా జీపు చప్పుడుకు రబ్బరు ముక్క కుక్కిన షెడ్డన్నకు

చప్పుడు ఎందుకు వస్తోందో చూడమని బండి ఇచ్చాను. నువ్వు చప్పుడు వినపడకుండా చేసి ఇచ్చావు. ముందు చక్రాల ఇరుసును, బండి బరువు మోసే కమాన్ కట్టకు పట్టి ఉంచే బోల్టు వదులైతే, దాన్ని బిగించకుండా సందులో టైరు రబ్బరు ముక్క కుక్కి, పైన నల్ల రంగు కొట్టి, "అయిపోయిందక్కా, తీసకపో" అన్నావు. అప్పుడు చెయ్యి విరిగి కట్టుతో ఉన్నాను కాబట్టి నీ దగ్గరికి తెచ్చాను... లేకపోతే నా బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వను.

బండి చప్పుడు విని జబ్బు పట్టే ఈ పని నాకు ఏ బడిలోనూ నేర్పలేదు. ఎట్లా వచ్చిందో చెబుతాను...

మా చిన్నప్పుడు... వాకాడు దాటి సముద్రపు ఒడ్డున ఉన్న మా పాలెంలో ఇసుకలో నడిచే బండి ఒక్కటే. మా నాయన జీపు. పొద్దున పడవలకు తాడు కట్టి ఒడ్డుకు లాగేది. తర్వాత చేపల తట్టలతో కోట ఊరి మార్కెట్టుకు పోయేది. తారు రోడ్డు మీద వెనక చక్రాలు లాగితే చాలు. ఇసుకలో దిగగానే నాయన చిన్న గేరు కడ్డీ వేసేవాడు... అప్పుడు ముందు చక్రాలూ లాగేవి.

పడవ ఇంజన్ల పక్కన బతికిన చెవులు ఆయనవి. సగం పోయాయి. అందుకే బండికి నేనే చెవి. పక్కన కూర్చోబెట్టుకుని "ఏమంటాంది అమ్మణ్ణీ?" అని అరిచి అడిగేవాడు. వెనక గడగడమంటే జాకీ దొర్లుతోందని, కాళ్ల దగ్గర జిలజిలమంటే రేకు స్క్రూ ఊడిందని నేను చెప్పాలి...

ఒక ఏడు, తుఫాన్ల కాలంలో, ముందు వైపు నుంచి టక్... టక్... మొదలైంది. ఇసుకలో మాత్రమే. రోడ్డెక్కితే మాయం.

మా వైపు బండిలో ఏది మోగినా అందరిదీ ఒకటే మాట... "వల గుండు పడుంటాదిలే." వల అంచుకు కట్టే సీసం గుండ్లు తలుపు సందుల్లోకి జారిపోవడం మామూలే. నాయన కూడా అదే అనుకున్నాడు. తలుపు రేకు విప్పితే నిజంగానే గుండ్లు దొరికాయి! అందరం నవ్వుకున్నాం.

మర్నాడు ఇసుకలో దిగగానే... టక్.

ఆ మధ్యాహ్నమే దండోరా వేశారు. చీకటి పడేలోపు పాలెం ఖాళీ చేయాలి, ఇసుక దారిలో కాలవ దాటి తుఫాను షెల్టరుకు పోవాలి. నడవగలిగినవాళ్లు నడిచారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు జీపెక్కారు. పక్కింటి పోలమ్మవ్వ ట్రంకు పెట్టె ఒళ్లో పెట్టుకుని ముందే కూర్చుంది. గాలికి మా తాటాకు కప్పు లేచి పడుతోంది...

"అందరూ దిగండి," అన్నాడు నాయన.

"దిగేదేంది బావా? గుండు టకటకమంటే మమ్మల్ని సముద్రానికి వదిలేస్తావా?" అని మా శీనయ్య మామ మీదికొచ్చాడు.

"గుండైతే దొరికింది గదా. ఇది వేరే. కాలవ మధ్యలో ఊడితే ఎవుర్ని అడగాల?"

"నేను దిగను నాయనా," అంది అవ్వ. "ఎక్కేదానికే పానం పోయింది. నన్ను కూర్చోబెట్టుకోనే చూసుకో."

నాలుగు చక్రాలూ లాగినప్పుడే మోగుతుంది. కాబట్టి లాగుతూనే వినాలి. ఇసుకలో కూరుకుపోయిన పెద్ద పడవకు జీపును తాడుతో కట్టాడు. నా చేతికి సన్నటి సరుగుడు కర్ర ఇచ్చాడు. ఒక కొన బండికి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకోవాలి... ఆ కర్రలోంచి ఇనుము లోపలి చప్పుడు నేరుగా వస్తుంది.

చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాను. అమ్మ వెనకనుంచి నా గౌను పిడికిట పట్టుకుంది.

"బిడ్డ తలకాయ చక్రం కాడ బెట్టినావు, నీకు బుద్ధుండాదా?"

"పట్టుకోనుండు... వదలబాక!"

క్లచ్చి వదిలాడు. తాడు బిగిసింది. కర్రను బంపరుకు ఆనించాను... చప్పుడు దూరంగా ఉంది. రేకుకు ఆనించాను... ఇంకా దూరం. కమాన్ కట్ట మీద పెట్టానో లేదో, చెవిలో మేకు దిగినట్టు... టక్!

"ఈడే నాయనా! ఈడే!"

ఆయనకు వినపడలేదు. చక్రాలు తవ్వుతూనే ఉన్నాయి. కర్రతో బానెట్టు మీద దబదబా బాదితే అప్పుడు ఆపాడు.

కిందికి దూరి చూస్తే, ఉప్పుగాలి తినేసిన ఇరుసు బోల్టు నట్టు వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. అంతసేపూ అరిచిన శీనయ్య మామే తడి ఇసుకలో పడుకుని, నాయనతో కలిసి పానా పట్టి గుంజాడు. దాని మీద ఇంకో నట్టు కూడా బిగించారు. వాన మొదలైంది...

మళ్లీ తాడు బిగిసింది. మళ్లీ కర్ర చెవిలో.

"ఏమంటాంది అమ్మణ్ణీ?"

"ఏమీ అనలా నాయనా!"

కాలవ దాటేటప్పుడు నీళ్లు చక్రాల సగానికి వచ్చాయి. ఇరుసు కదల్లేదు. అందరం షెల్టరు చేరాం.

ఇప్పుడు ఏ చప్పుడొచ్చినా పాటల సౌండు పెంచుతున్నారు... బండి ఏమంటోందని అడిగేవాళ్లు తగ్గిపోయారు. మీ ఇంట్లో ఆ చెవి ఎవరిదో, ఏ చప్పుడు మిమ్మల్ని కాపాడిందో కింద రాయండి. చదవాలని ఉంది.

షెడ్డన్నా, నీ పేరు ఇప్పటికి రాయడం లేదు. మొన్న పడవ లాగుతుంటే నా బండి పక్కకు గుంజింది. దిగి చూస్తే ఇరుసు జరిగి ఉంది, నీ రబ్బరు ముక్క నలిగి బయటికొచ్చింది. నా డబ్బులు నాకొద్దు. నా బండి తీసుకున్న రోజు పక్కనే ఇంకో జీపు ఉంది, చిట్టమూరు వైపు రొయ్యల చెరువులకు ఆడవాళ్లను తోలే జీపు. దాని కిందా అదే నల్ల రంగు, అప్పటికి ఇంకా తడిగా. ఆ డ్రైవరు నంబరు నా దగ్గర లేదు, నీ దగ్గర ఉంది.

చెరువుల్లో పని సోమవారం మళ్లీ మొదలవుతుంది, తెల్లారితే ఆ బండి నిండా జనంతో కదులుతుంది. ఆదివారం పొద్దుగూకేలోపు అతనికి ఫోన్ చేసి, బండి ఆపించి, ఆపించానని ఇక్కడే అందరి ముందు జవాబు రాయి. రాయకపోతే, సోమవారం ఆ బండికి అడ్డంగా రోడ్డు మీద నేను నిలబడి ఉంటాను.