షేవింగు బ్రష్షూ గ్రీకు సైన్యమూ

కళ్లజోళ్ల దుకాణం బావగారికి ఒక్కటే పిచ్చి: గోరంత గ్రీకు సైనికుల బొమ్మలకు రంగులు వేయడం. వేస్తే వేశారు, వెనక వరుసలో దేవుడికైనా కనబడని వాడికి కూడా కనుబొమలు దిద్దేవారు. వాళ్ల చేతుల్లో మనిషికి మూడింతల పొడవు ఈటెలు. అలా ఈటెలు చాచి గుంపుగా నిలబడ్డ దండును ఫాలంక్స్ అంటారట. భోజనాల బల్ల నిండా అవే కాబట్టి, ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవారు.

"ఎదురుగా వచ్చి దీన్ని ఎవడూ కొట్టలేడు. పక్క మాత్రం చూపించకూడదు," అని ముద్ద ముద్దకీ పాఠం చెప్పేవారు.

మేడ మీద గదిలో అద్దె లేకుండా ఉంటున్న బావమరిదికి ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. అక్క చేతి వంట తింటూ అక్క మొగుణ్ని ఈసడిస్తే తప్ప అతనికి తిన్నది అరిగేది కాదు.

"వెనకవాడి కనుబొమలు ఎవడు చూస్తాడు బావా?"

"పక్కవాడు చూడడూ?"

"వాడు సీసపు బొమ్మ!"

"మెల్లగా అనవోయ్. వింటాడు."

అక్క అల్లిక సూదులూ, గొడుగు పుల్లలూ ఈటెలైపోయాయి. కూర్చున్న చోటల్లా ఏదో ఒకటి గుచ్చుకునేది. చివరికి బావమరిది ముచ్చటపడి కొనుక్కున్న షేవింగు బ్రష్షు ఒకరోజు సగం బోడిగా కనిపించింది.

"దీని వెంట్రుకలేవి?"

"యుద్ధానికెళ్లాయి," అన్నారు బావగారు.

అంతే, బావమరిది పందెం కట్టాడు. ఇలాంటి బొమ్మలతో యుద్ధాలాడే క్లబ్బులో ఆదివారం జరిగే పోటీలో బావగారు ఓడితే సైన్యమంతా అటకెక్కాలి, బల్ల అక్కకి దక్కాలి. బావగారి మొహం పాలిపోయింది. ఆ బొమ్మలు అటకెక్కితే ఆయన ప్రాణమూ వాటితోపాటే ఎక్కుతుంది. అయినా పౌరుషానికి పోయి సరేనన్నారు.

ఆ ఓటమిని కళ్లారా చూద్దామని బావమరిది ముందు కుర్చీలో కూర్చున్నాడు. ప్రత్యర్థి బావగారి స్నేహితుడే, ముసలి దర్జీ. ఆయన సేనాపతి శిరస్త్రాణం మీద ఎర్రటి తురాయి. ఎర్ర రంగు పూసినంత మాత్రాన తన బ్రష్షు వెంట్రుకలు తనకు తెలియవా! వంగి చూస్తే దర్జీ సైన్యంలో వెనక వరుసకీ కనుబొమలున్నాయి.

టీ విరామంలో దర్జీని పక్కకు లాగాడు. "మీ బొమ్మలకి రంగులెవరేశారు?"

దర్జీ చెయ్యి చాపి చూపించాడు. అది వణుకుతోంది. "సూదిలో దారమే ఎక్కించలేకపోతున్నా బాబూ. రంగెయ్యని బొమ్మల్ని ఇక్కడ ఆటకి రానివ్వరు. మానేస్తానంటే మీ బావ ఊరుకోలేదు. అన్నీ తనే వేశాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఆట మళ్లీ మొదలైంది. బావగారు తన దండును నింపాదిగా తిప్పి, దర్జీకి ఎదురుగా పక్క చూపించి పెట్టారు. ముద్ద ముద్దకీ పాఠం విన్న బావమరిదికి విషయం బోధపడింది. దర్జీ గెలిచాడు. వణికే ఆ చేతిని పట్టుకుని ఊపడానికి క్లబ్బంతా ఎగబడింది.

ఇంటికొచ్చాక బావగారు ఒక్కొక్క సైనికుణ్నే దూదిలో చుట్టి పెట్టెలో పెట్టసాగారు. బావమరిది పెట్టె మూత మూసేశాడు.

"ఆపండి బావా."

"పందెం పందెమేనోయ్."

"ఏం పందెం? అటూ మీ సైన్యమే, ఇటూ మీ సైన్యమే. ఓడిందెవరు?"

"అయితే ఈ జన్మకి నాకు బల్ల లేనట్టే," అంది అక్క, కంచం ఒళ్లోకి లాక్కుంటూ.

బావమరిది మేడెక్కి మిగిలిన సగం బ్రష్షు తెచ్చి బల్ల మీద పడేశాడు. "దొంగతనం కూడా పూర్తిగా చేతకాదు మీకు."

బావగారు దాన్ని వెలుతురులో పెట్టి చూసుకుని మురిసిపోయారు. "భేష్! ఇంక వెనక వరుసవాళ్లకీ తురాయిలు పెట్టేయొచ్చు."

ఎవడు చూస్తాడన్న మాట బావమరిది నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, కుర్చీ ఒకసారి తడిమి చూసుకుని, జాగ్రత్తగా కూర్చున్నాడు.