పాయం గోపయ్య పదిహేడు అచ్చులు

పాయం గోపయ్య దగ్గర పదిహేడు చెక్క అచ్చులు ఉండేవి. కాకినాడ నుంచి వచ్చిన ఒక లెక్చరరు వాటిని నెల రోజుల్లో తిరిగి ఇస్తానని పట్టుకుపోయి, ఇవ్వలేదు. తమ కాలేజీలో రేవు చరిత్ర మీద ఒక గది ఏర్పాటు చేస్తున్నామని, నలుగురూ చూస్తారని చెప్పాడట. ఆ రోజు గోపయ్య భార్య ముత్తక్క ఆయనకు కోడి కోసి పెట్టింది. అచ్చుల మాట ఎత్తినప్పుడల్లా ఆమె ముందు ఆ కోడి మాటే ఎత్తేది.

సముద్రానికి ఇంత దూరాన, భద్రాచలం అడవి అంచున ఉన్న కోయగూడెంలో పడవ అచ్చులేమిటని నేనూ మొదట నవ్వాను. అప్పుడు నేను సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ దుంగలు లోడు చేసే కాంట్రాక్టు పనిలో ఉన్నాను. ఒకరోజు మా లారీ టైరు గోపయ్య ఇంటి ముందు పేలింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, గోచీ, భుజాన తువ్వాలు. లారీ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, అన్నీ బడి పిల్లల్లెక్క లైన్ల నిలబడి పెరిగిన చెట్లే గదా, ఒక్కదానికన్నా వంకర లేదు, వీటితో ఏం పని అని అడిగాడు. టైరు మార్చేసరికి సాయంత్రమైంది. అప్పటికి ఆయన పని ఏమిటో నాకు తెలిసింది.

చెక్క పడవకు మనిషికి ఉన్నట్టే పక్కటెముకలు ఉంటాయి. నిటారు దుంగను వంపుగా కోస్తే దాని నార తెగిపోతుంది. కెరటం కొట్టినప్పుడు అక్కడే విరుగుతుంది. అందుకని పుట్టుకతోనే వంగి పెరిగిన కొమ్మ కావాలి. ముందు ఎముకకు ఒక వంపు, నడిమి ఎముకకు ఇంకో వంపు. ఒక్కో వంపుకూ ఒక పలచటి చెక్క అచ్చు. గోపయ్య ఆ అచ్చును భుజానికి తగిలించుకుని ఊళ్ళ వెంట తిరిగి, పొలం గట్ల మీది నల్లతుమ్మ చెట్లకు ఆనించి చూసేవాడు. అడవిలో చెట్టు ముడితే ఫారెస్టు వాళ్ళతో పేచీ కాబట్టి రైతుల చెట్లే అడిగేవాడు. వంకర చెట్టు వాళ్ళకూ పనికిరానిదే. కొట్టే ముందు చెట్టు మీద చెయ్యి వేసి, దాని చోటు దానికి చెప్పేవాడు. ముందు నుంచి ఆరోదానివి, ఉప్పునీళ్ళ మీద తిరుగుతావు, భయపడకు అని. చెప్పకుండా గొడ్డలి ఎత్తడం నేను చూడలేదు.

ఆయన పద్దెనిమిదో ఏట వెదురు తెప్ప మీద గోదావరి దిగి రాజమండ్రి చేరాడు. అక్కడి నుంచి కాలువ పడవలో కాకినాడ. కోరంగి దగ్గరి పాయ ఒడ్డున పడవలు కట్టే ఆదినారాయణ మేస్త్రి, ఈ కోయ కుర్రాడికి చెట్టును చూసే కన్ను ఉందని పట్టేశాడు. తొమ్మిదేళ్ళు దగ్గర ఉంచుకున్నాడు. ఆ తర్వాత గోపయ్య ఊరికి వచ్చేసి, ఎముకలు ఇక్కడి నుంచే కొట్టి పంపేవాడు. ఆ రేవు చరిత్రంతా గోపయ్యకు ఉలి చప్పుడు మధ్య చెప్పింది ఆయనే. ఒకప్పుడు ఓడలన్నీ కోరంగికే వచ్చేవని, అక్కడ ఓడెక్కి రంగూన్ పోయిన తెలుగువాళ్ళను ఆ దేశంలో కోరంగీలనే పిలిచేవారని, తుఫాను వచ్చి ఊరిని ఊడ్చేసిందని, పాయ పూడిపోయి రేవు కాకినాడకు మారిందని, అక్కడ కూడా లోతు చాలక పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే బార్జీలు వెళ్ళి సరుకు దింపేవని. నేను తర్వాత దొరికిన పుస్తకాల్లో వెతికాను. అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, గోపయ్య దానికి చేర్చుకున్నది. ఆ రేవును పూడ్చిన మట్టి మన కిన్నెరసాని, మన శబరి మోసుకుపోయిందే అనేవాడు. మన మట్టి పోయి వాళ్ళ రేవును చెడగొట్టింది, మన చెట్లు పోయి వాళ్ళకు పడవలైనాయి, అంటే చుట్టరికమే గదా అని.

పోయిన ఏడు వానాకాలంలో ఆదినారాయణ మనవడు నాగరాజు ఫోను చేశాడు. అందరూ ఫైబర్ పడవలు కొంటున్నారు, చెక్క పడవ అడిగినవాడు లేక నాలుగేళ్ళయింది, ఇప్పుడొకరు అడిగారు. తాత అచ్చులు తుఫాను నీళ్ళలో పోయాయి. గోపయ్య దగ్గరున్నవే దిక్కు. దీపావళిలోపు ఎముకలు అందకపోతే వాళ్ళూ ఫైబర్‌కే పోతారు, తాను షెడ్డు మూసి ఏ రొయ్యల కంపెనీలోనో చేరాల్సిందే.

"మీరు కాదంటే ఇంక మా తాతగారి పని నాతోనే ఆఖరండి, పెదనాన్నగారూ" అన్నాడు.

గోపయ్యను తీసుకుని నేను కాకినాడ వెళ్ళాను. కాలేజీలో ఆ గదికి ఏసీ ఉంది. అచ్చులు అద్దం వెనక, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, గోడకు అందంగా తగిలించి ఉన్నాయి. కింద ఒక కార్డు. చదవమంటే చదివాను. ప్రాచీన నౌకావర్తకుల సంకేతలిపి గల చెక్క పలకలు, శిల్పి తెలియదు, అని ఉంది. గోపయ్య ఆ లిపి ఏదని అడిగాడు. చెక్కల మీది గాట్లను చూపించాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. చదువు రాని మనిషి. ఎన్నో ఎముకో అన్ని గాట్లు పెట్టుకున్నాడు, పడవ వెనక సగానివైతే ఒక అడ్డగీత గీసుకున్నాడు. వర్తకుల లిపి అంతా అంతే.

లెక్చరరు మర్యాదగానే మాట్లాడాడు, టీ తెప్పించాడు. వస్తువులు కాలేజీ రిజిస్టరులోకి ఎక్కాయని, కమిటీ ఒప్పుకుంటేనే బయటికి వస్తాయని, కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో చెప్పలేనని అన్నాడు. కనీసం మనిషి పేరు రాయండి, మనిషి ఎదురుగానే ఉన్నాడు గదా అన్నాను. కొత్త కార్డులు అచ్చు వేయించినప్పుడు చూద్దామన్నాడు. నా గొంతు పెరిగింది. గోపయ్య నా చొక్కా పట్టి లాగి, అద్దం ముందుకు పోయి నిలబడ్డాడు. కాగితం ఆనించి గీసుకుంటామంటే అద్దం ముట్టొద్దన్నారు. ఆయన గంటసేపు ఊరికే చూసి, పోదాం పా అన్నాడు.

ఊరు చేరాక నన్ను మందపాటి అట్టలు తెమ్మన్నాడు. సారపాకలో ఒక దుకాణం నుంచి తెచ్చాను. లైన్లలో పెరిగిన ఆ జామాయిల్‌తో చేసిన అట్టల మీదే బొగ్గుతో వంకర ఎముకలు గీయడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని, గాలిలో చెయ్యి ఒకసారి తిప్పి, గీసేవాడు. ఏడు దాకా ఆగకుండా వచ్చాయి. ఎనిమిది దగ్గర చెయ్యి ఆగిపోయింది. గీసి చూసి చించేశాడు. మళ్ళీ గీశాడు. మిగతావి పూర్తి చేసి వచ్చినా అది రాలేదు. రెండు రోజుల తర్వాత చెప్పాడు, కాలేజీ వాళ్ళు ఎనిమిదోదాన్ని తలకిందులుగా తగిలించారని, యాభై ఏళ్ళు కంట్లో ఉన్న వంపును ఆ గంట చూపు చెడగొట్టిందని. నాలుగేళ్ళ పిల్లాడిలా మొహం పెట్టి కూర్చున్నాడు. నడిమి ఎముక అది. తప్పితే రెండు పక్కల పలకలూ కలవవు.

ముత్తక్క కోళ్ళను గూట్లోకి తోలుతూ అంది, "కోడి తిన్నోన్ని అడుగుపో, ఆయనకు యాదుంటది."

ఆమె గూటి తలుపు వేసి, మళ్ళీ అంది.

"గీ గూడు కింద అడ్డం పెట్టిన కట్టె ఏంది మరి? లారీల పగిలిందని ఎనకకు తెచ్చి, నా కోళ్ళకు పనికొస్తదంటివి గాదా?"

గోపయ్య లేచి వంగి చూశాడు. ఇరవై ఏళ్ళ కింద పగిలి వాపసు వచ్చిన తుమ్మ ఎముక. రెట్టలు గీకితే ఎనిమిది గాట్లు కనిపించాయి. ఆ పూట కోళ్ళు మా కాళ్ళ మధ్యే తిరిగాయి. ముత్తక్క మాత్రం గూడు విప్పినందుకు కాక, ఇన్నాళ్ళూ అడగనందుకు తిట్టింది.

రెండు నెలలు వేంసూరు దాకా గట్లన్నీ తిరిగాం. ప్రతి చెట్టుకూ దాని చోటు చెప్పాడు. దీపావళికి వారం ముందు లారీ కాకినాడ చేరింది. నాగరాజు ఫోను చేసి, ఒక్క ఎముక్కీ సరిచెయ్యడానికి బాడిసె దెబ్బ రెండోది పడలేదండి, ఎనిమిదోదైతే కూర్చున్న చోటే కూర్చుందండి అన్నాడు. తర్వాత పడవ నీళ్ళలోకి దిగిన ఫోటో పంపాడు. ఫోటోలో ఎముకలు కనిపించవు. పైన కొట్టిన పలకలూ, నీలిరంగూ కనిపిస్తాయి. షెడ్డు ఇంకా తెరిచే ఉంది.

మాఘంలో నాకు సారపాక పని పోయింది. ఊరు విడిచే ముందు గోపయ్యను చూడబోయాను. జ్వరంతో మంచం మీద ఉన్నాడు. కాలేజీకి, ఒక పత్రికకు పంపడానికి రాసిన ఉత్తరం చదివి వినిపించాను. కసి తీరా రాశాను, పాయం గోపయ్య అన్న పేరు ఆరుచోట్ల పెట్టాను. ఆయన్ను నేను చూడటం అదే ఆఖరు. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విని అన్నాడు:

"అంతా మంచిగనే రాసినవ్ బిడ్డా. గానీ ఎనిమిదోది తలకిందులున్న ముచ్చట రాయలే. ముందుగాల దాన్ని తిప్పమని రాయి. రేపు ఎవడన్న దాన్ని చూసి పడవ కడితే మునుగుతడు. నా పేరుదేముంది, ఆ ఎనక రాసుకుంటరు తీ."