ఒకే పెన్నుతో నూట ఎనభై రోజులు

పెన్సిల్వేనియాలో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే మాబోటి వాళ్ళకి జూన్ వచ్చిందంటే గుండె దడ. ఏడాదిలో నూట ఎనభై రోజులూ ఏం చదివారో డైరీ రాసి, చదువంతా ఫైలుగా కట్టి, అర్హత ఉన్న టీచరుకి చూపించాలి. ఆవిడ సంతకం చేసిన ఉత్తరం విద్యాధికారికి చేరాలి. మా వైపు ఆ టీచరు వెర్లా హోస్టెటర్. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, డెబ్భై దాటాక మా వంటగదుల్లో కూర్చుని ఫైళ్ళు తిరగేస్తోంది. నాకు ఆవిడంటే భయం, అంతకు రెట్టింపు ఇష్టం.

పోయిన ఏడు ఓక్లహోమా నుంచి మా పక్కింట్లోకి టామ్సిన్ వచ్చింది. అక్కడ ఈ కాగితాల గోల లేదు. "పిల్ల చదువుతోందిగా, మళ్ళీ రాయడం దేనికి?" అనేది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వింటేగా. ఉత్తరం అందకపోతే కూతురు జూనియాని బడికి పంపమంటారని జూన్‌లో గానీ ఆవిడ తలకెక్కలేదు. జూనియాకి పదేళ్ళు, నత్తి. పాత ఊరి బడిలో ఎగతాళి పడలేక అన్నం మానేసిన పిల్ల.

అప్పుడు ఆ మహాతల్లి ఏం చేసిందనుకున్నారు? నూట ఎనభై రోజుల డైరీ రెండు రోజుల్లో రాసి పారేసింది.

టామ్సిన్ వంటగదిలో నా ఎదుటే వెర్లా నాలుగు పేజీలు తిప్పింది. "ఏడాదంతా ఒకటే నీలం పెన్ను. పొదుపరివే అమ్మాయ్."

ఆవిడ జూనియా వైపు తిరిగింది. "మార్చి మూడున అగ్నిపర్వతాల గురించి చదివావటగా?"

పిల్ల తల్లి మొహం చూసింది. "ల్‌... లేదండీ. ఆ రోజు మా మేక ఈనింది. నేనే పిల్లని లాగాను."

ఇక టామ్సిన్ పని అయిపోయిందనుకున్నాను. వెర్లా డైరీ పక్కన పడేసి, "ఆ మేక సంగతి చెప్పు" అంది. జూనియా ఆగి ఆగి అరగంట చెప్పింది. మధ్యలో ఆవిడ ఒక్క మాటైనా అందించలేదు. తర్వాత పిల్లే పరుగెత్తి ఒక్కొక్కటీ తెచ్చింది: దాణా సంచుల మీద వేసిన లెక్కలు, వారం వారం మేకపిల్ల బరువు, అమ్మమ్మకి రాసి పంపని ఉత్తరాలు. చదివిన పుస్తకాల జాబితా తేదీలతో సహా లైబ్రరీ వాళ్ళిచ్చారు. మోకాళ్ళ నొప్పులతో ఆ పెద్దావిడ రెండు మధ్యాహ్నాలు నేల మీద కూర్చుని, అవన్నీ దగ్గరుండి తేదీల వరసలో కొత్త ఫైలుగా అతికించింది. అలాంటి మనిషికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

రెండో రోజు టామ్సిన్ తలొంచుకుని, "చదువు చెప్పడం నాకు చేతకాదేమోనండీ. బడికే పంపేస్తాను" అంది.

వెర్లా పెన్ను తీస్తూ జూనియాని అడిగింది. "డైరీ అబద్ధమని తేలితే మళ్ళీ బడికి పోవాల్సొస్తుందని మేక సంగతి చెప్పినప్పుడే నీకు తెలుసా?"

"త్‌... తెలుసండీ."

"తెలిసీ నిజం చెప్పింది" అంది వెర్లా టామ్సిన్‌తో. "అది నీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర నేర్చుకుందే?" అని సంతకం పెట్టింది.