కువైట్‌కి ఎన్ని పువ్వులు?

మా పిన్ని రత్నం కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి రెండేళ్ల వీసా మీద వెళ్తోందని తెలిసినప్పుడు, ఎయిర్‌పోర్టు దాకా తోడు నేనే వస్తానన్నాను. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. 'వ్యవధి' అనే మాట కొత్తగా నచ్చి, వీలైన ప్రతిచోటా వాడుతున్న రోజులవి. టికెట్టు నాకే చూపించారు. హైదరాబాద్‌లో ఉదయం పదికి బయలుదేరి, కువైట్‌లో పన్నెండున్నరకు దిగుతుంది. "ప్రయాణ వ్యవధి రెండున్నర గంటలు పిన్నీ!" అని ప్రకటించాను. గోదావరి దాటడానికి రేవులో పంటు ఎక్కితేనే కళ్లు మూసుకునే మనిషి, ఆ మాట మీద విమానానికి ఒప్పుకుంది.

పిన్ని లేసు అల్లుతుంది. ఆవిడ లెక్కలో ఒక పువ్వంటే అరగంట. "అయితే ఐదు పువ్వులు. తల వంచుకుని అల్లుకుంటా కూచుంటే దిగిపోతాను" అంది. ఇనప సూది రానివ్వరేమోనని ప్లాస్టిక్‌ది కొని, ఐదు పువ్వులకు సరిపడా దారంతో చేతిసంచిలో పెట్టుకుంది. మిగతా దారం పెద్ద పెట్టె అడుగుకు చేరింది.

నరసాపురంలో సాయంత్రం రైలెక్కి తెల్లవారేసరికి హైదరాబాద్‌లో దిగాం. స్లీపర్ టికెట్టు రెండు వందల చిల్లర. పెట్టెతో బస్సు ఎక్కలేక ఐదు వందలకు టాక్సీ మాట్లాడుకున్నాం. శంషాబాద్‌కు గంట పైనే పట్టింది. డ్రైవరుది పాలకొల్లని తెలియగానే పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

"కువైటు రెండున్నర గంటలేనంట కదండి?"

"ఎవరు చెప్పారండి? మా ఆవిడ అక్కడే ఉంది. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఐదు గంటలు పట్టుద్దండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకుంటది."

నా చెవులు వేడెక్కాయి. టికెట్టు మీద రెండు దేశాల టైములుంటే, రెండూ మా ఇంటి గోడ గడియారంలోవే అనుకుని తీసివేత చేశాను.

టెర్మినల్ ముందు దిగాక పిన్ని పెట్టె మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడిపోయింది.

"నావల్ల కాదే. ఐదు గంటలు గాల్లోనా? ఇంటికెళ్లిపోదాం."

"తప్పు నాదే పిన్నీ. నువ్వు ఎక్కనన్నా నిన్నేమీ అననివ్వను, అందరికీ నేనే చెప్తాను."

పిన్ని పెట్టె మీంచి చెయ్యి తీసింది. "ఎన్ని పువ్వులే?"

"పది."

"చదువుకున్నదానివని నమ్మితే సగం దారిలో దింపేసేదానివి కదే! పట్టు, పెట్టె తెరువు."

ఫుట్‌పాత్ మీదే తెరిచాం. ఆవకాయ డబ్బా, దుప్పట్లు, చర్చి పాటల పుస్తకం తీస్తే అడుగున దారం దొరికింది. దుప్పట్లు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు, "మా ఆవిడ కనబడితే ఒక పువ్వు ఇవ్వండి" అన్నాడు.

"ముందు నన్ను దిగనివ్వండి బాబూ!" అని పిన్ని నవ్వేసింది.

టికెట్టున్నవాళ్లనే లోపలికి పంపుతారు. గుమ్మం దగ్గరే విడిపోయాం. మధ్యాహ్నం మూడు దాటాక, నేను స్టేషన్లో ఉండగా సెల్ మోగింది. "పదో పువ్వు సగంలో దింపేశారే!" అంది పిన్ని. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా వెళ్తుంటే, టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదేనని గుర్తుపెట్టుకోండి. కువైట్ టైముకు రెండున్నర గంటలు కలిపాకే తీసివేత చేయండి. ఒక మాట నచ్చడం వేరు, దాన్ని నమ్మి ఒక మనిషి విమానం ఎక్కడం వేరని నాకు ఆ రోజే తెలిసింది. తిరుగు రైల్లో, రెండేళ్ల వ్యవధికి ఎన్ని పువ్వులో లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.