చెప్పుల మూట కుట్టింది నేనే

మా చిన్నప్పుడు ఇల్లు మారాలంటే చెప్పులకు వేరే మూట కట్టేవాళ్లు... దేవుడి పెట్టె, బియ్యం ఉన్న బండిలో చెప్పులు పెట్టకూడదు. మూట కుట్టి బండి కింద వేలాడదీయాలి. మా ఇంట్లో ఆ పని నాది. అప్పుడు నాకు పదేళ్లు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి వేసవి అది. ఉదయగిరిలో మా పెదనాయనతో ఉమ్మడిగా ఉన్న అంగడి నుంచి వేరుపడి, నాయన ఆత్మకూరులో సొంతంగా చిల్లరంగడి పెట్టబోతున్నాడు. తెరిచే రోజు తొడుక్కోవాలని ముచ్చెలు కుట్టించుకున్నాడు... ముందువైపు మూసి ఉండే తోలు జోళ్లు. ఆయన తన కోసం కోరి చేయించుకున్న వస్తువు ఇంకొకటి నాకు గుర్తు లేదు.

మూట కట్టడం మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర నేర్చుకున్నాను. తోలుకు ఆముదం పట్టించి ఒక పూట ఆరనివ్వాలి. ముచ్చెల్లో పాత గుడ్డపేలికలు కూరాలి, లేకపోతే నొక్కుకుపోతాయి. పురుగు పట్టకుండా ఎండు వేపాకు. అడుగూ అడుగూ కలిపి ఒక్కో జతా కట్టి, గోనెసంచిలో పెట్టి, దబ్బనంతో మూతి కుట్టేయాలి.

నేను కుడుతుంటే పెదనాయన వచ్చి నిలబడ్డాడు.

"ఒరే, మీ నాయన కాళ్లకుండేవి కూడా దాంట్లోనే వెయ్యి. కొత్తింట్లో పాలు పొంగిందాకా ఆ మూట విప్పగూడదు. విప్పితే ఆ ఇంట్లో నిలవరు."

అవ్వ వాకిట్లోంచే అరిచింది. "రోడ్డు పెనం మాదిరి కాలతా ఉండాది రా పెద్దోడా! వాడికొక జత ఉండనీ."

"నీకు తెలవదు, ఊరుకోమా."

నాయన కాళ్ల చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు. అన్నకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు.

బండి నిండా సామాన్లు. వాటి మధ్య అమ్మ, అవ్వ, నేను. ముందు బండాయన పక్కన పెదనాయన... కాళ్లకు కిర్రు చెప్పులతో.

"నువ్వు విడవలేదే పెదనాయనా?" అన్నాను.

"నేనేమన్నా ఇల్లు మారతా ఉండానంటరా? దిగబెట్టను వస్తా ఉండా!"

బండాయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం వీపు మీద ఒకటి పడింది.

రెండు రోజుల దారి. నాయన వెనక నడిచాడు. కాసేపు బండి నీడలో నడిచాడు. ఎండ నడినెత్తికి వచ్చాక ఆ నీడా లేదు. గడ్డి కనిపిస్తే గడ్డి మీదికి, లేకపోతే మళ్లీ రోడ్డు మీదికి. సాయంత్రానికి మడమల మీద నడుస్తున్నాడు.

రెండో రోజు పొద్దున బండాయన కత్తి తీసుకుని వెనక్కి పాకాను. కిందికి వంగితే మూట నా చేతికి అందుతోంది.

"నాయనా, ఒక్క కుట్టు కోస్తే చాలు. కోసేదా?"

"కోయబాకరా. అన్న చూస్తాడు."

"చూస్తే ఏంది?"

ఆయన రోడ్డు పక్క గడ్డి మీదికి జరిగాడు. నేను కోయలేదు.

ఆత్మకూరు ఇంట్లో పాలు పొంగాయి. పెదనాయన తల ఊపాక మూట విప్పాను. నాయన అరుగు మీద కూర్చుని ముచ్చెలు తొడుక్కోబోయాడు. కాళ్లు వాచి, అరికాళ్లు పగిలి ఉన్నాయి. వేళ్లు కూడా లోపలికి పోలేదు. ముచ్చెలు మాత్రం కుట్టించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి... ఒక్క నొక్కు లేదు. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా కట్టినావురా" అన్నాడు.

అంగడి ఉత్తకాళ్లతోనే తెరిచాడు. పుండ్లు మానలేదు, చీము వేళ్ల దాకా పాకింది. వానలు పడేసరికి కుడికాలి వేళ్లు రెండు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏ జోడూ ఆయన కాలికి సరిగ్గా పట్టలేదు.

పోయిన వారం పెదనాయన మనవడు ఇక్కడే, ఈ గ్రూపులోనే, తన తాత ఆచారనిష్ఠ గురించి రాశాడు. కింద చాలామంది దండాలు పెట్టారు. నేను చదువుకున్నవాణ్ణి. ధర్మశాస్త్రాలు తిరగేశాను, పండితులను అడిగాను. పాలు పొంగిందాకా మూట విప్పకూడదన్న నియమం ఎక్కడా లేదు. పెదనాయన ఆ పూట తనకు తోచి పెట్టింది. తమ్ముడు వేరుపడి పోతున్నాడు కదా...

నాకు ఇప్పుడు కోపం లేదు, ఏడుపూ రాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

ఈ మధ్య మేం ఇల్లు మారాం. సామాన్లు మోసే మనిషి చెప్పుల అట్టపెట్టెను అన్నిటికంటే ముందు లోపలికి తెచ్చి వంటింట్లో దించాడు. ఎవరూ ఏమీ అనలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి ఆచారాలు ఉండే ఉంటాయి... రాయండి. పెట్టిందెవరో, నడిచిందెవరో అది కూడా రాయండి.